ఐదు ఎర్ర దారాలు

"ఆ గడ్డపార కింద పెట్టన్నా. వాటిని పూడ్వనియ్య."

గంగమణి ఈ మాట అనడం మూడోసారి. ఆత్మారాం మూడుసార్లూ విననట్టే ఉండి, పెరట్లో బొప్పాయి చెట్టు పక్కన గుంత తవ్వుతూనే ఉన్నాడు. గుంత అప్పటికే మోకాలి లోతయింది. పక్కన గోనెసంచి పరిచి ఉంది. దాని మీద ఐదు కోళ్లు. రాత్రి రెండు పోయాయి, తెల్లారేసరికి ఇంకో మూడు. ఐదింటి కాళ్లకీ ఎర్ర దారం కట్టి ఉంది.

తల్లి లింగవ్వ సంచి పక్కన చతికిలబడి ఒక కోడి మెడ సవరిస్తోంది. పడుకున్న పిల్ల తలను దిండు మీద సర్దినట్టు సర్దుతోంది.

"అవ్వా, ముట్టకు. పోయి సబ్బుతోని చేతులు కడుక్కో."

"నా కోళ్లు. నేను ముట్టకుంటె ఎవలు ముడ్తరే?"

"ఇప్పుడు ముట్టద్దు. మహారాష్ట్రల ఏమైతున్నదో రేడియోల ఇంటలేవా?"

వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న వదినె సుమిత్ర తల ఎత్తకుండానే అందుకుంది. "మహారాష్ట్ర రోగం మన పెరట్లకెట్లొస్తది గంగమణీ? దానికి బోధన్ బస్సు ఎరుకనా?"

ఎవరూ నవ్వలేదు. రోడ్డు మీద చెరుకు ట్రాక్టరు ఒకటి మూలుగుతూ పోయింది. 

ఆత్మారాం గడ్డపార గుంతలోకి విసిరేసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. ముప్పై ఐదేళ్ల మనిషి, ఈ పదిహేను రోజుల్లో నలభై ఐదేళ్లవాడిలా తయారయ్యాడు. చెరుకు మానేసి, ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి, పన్నెండు వందల బ్రాయిలర్ కోళ్లు పెంచుతున్నాడు. బర్డ్ ఫ్లూ వార్త వచ్చిన నాటి నుంచి జనం కోడికూర వంక చూడటం మానేశారు. అమ్ముడుపోని కోళ్లు పొద్దస్తమానం దాణా తిని, లేవలేక, షెడ్డులో బరువుగా కూర్చుంటున్నాయి. చివరికి నిజామాబాద్ వ్యాపారి ఒకడు ఒప్పుకున్నాడు. ఇవాళ మూడు గంటలకు అతని లారీ వస్తుంది.

"నీకేమొచ్చె చెల్లె? ఒక్క పొద్దు ఆగు. మూడు గంటలకు లారీ వస్తది, నాలుగింటికి నా షెడ్డు ఖాళీ అయితది. అటెన్క నీ ఇష్టం. ఫోన్ గొట్టు, జీపు తెప్పియ్యి, ఊరంత డప్పు కొట్టియ్యి."

"అట్ల ఆగరాదన్నా. కోళ్లు కలిసి సస్తే ఆ పొద్దే చెప్పాలె. గదే ఇప్పుడు నా డ్యూటీ."

"డ్యూటీ! కోళ్ల కండ్లల్ల సుక్కలేసుడు, దారాలు గట్టుడు. అదొక డ్యూటీ, అదొక నౌకరి," అన్నాడు ఆత్మారాం. అన్న తరువాత తనకే బాగా అనిపించలేదేమో, మొహం తిప్పుకున్నాడు.

సుక్కలేసుడు, దారాలు గట్టుడు. అన్న చెప్పింది అబద్ధమేమీ కాదు. నిజామాబాద్ పశువైద్యుడు డాక్టర్ ముక్తార్ దగ్గర రెండేళ్లుగా గంగమణి చేస్తున్నది అదే. ఎండాకాలం రాగానే పల్లెకోళ్లను తుడిచిపెట్టే కొక్కెర తెగులుకు టీకా ఉంది కానీ, అది ఐసు లేకపోతే చెడిపోతుంది. వేడికి చెడిపోని కొత్త టీకా ఒకటి ఎనిమిది ఊళ్లలో వేసి చూస్తున్నారు. ప్రతి ఇంట్లో సగం కోళ్లకు కంట్లో చుక్క వేసి ఎర్ర దారం కడతారు. మిగతా సగానికి చుక్క వేయరు, తెల్ల దారం కడతారు. తెగులు వచ్చినప్పుడు ఏ దారంవి బతుకుతాయో, ఏ దారంవి పోతాయో రాసుకుంటారు. ఇప్పుడు బర్డ్ ఫ్లూ భయం మొదలయ్యాక ఆ మనుషులకే ఈ కాపలా కూడా అప్పజెప్పారు.

గంగమణి సంచి దగ్గర వంగింది, ముట్టుకోకుండా.

"దారాలు సూడన్నా. కొక్కెర అయితే తెల్ల దారాలవి పోవాలె. మందు వడ్డయి, ఐదుకు ఐదు పోయినయంటే ఇది కొక్కెర కాదు."

ఆత్మారాంకు ఆ మాట అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక గొంతు తగ్గించాడు.

"ఆ రోగమే అని తేలితే?"

"సుట్టు మూడు కిలోమీటర్ల దాక ఒక్క కోడిని గూడ ఉంచరు."

లింగవ్వ చేయి కోడి మెడ మీదే ఆగిపోయింది.

"మరి తెలిసి తెలిసి ఎట్ల ఫోన్ చేస్తవే?" అన్నాడు ఆత్మారాం. ఈసారి అరవలేదు. నిజంగానే అడిగాడు.

గంగమణి సంచి దగ్గర నుంచి లేచింది. చెప్పులు వేసుకుని, సందు చివర హుసేన్ బీ దుకాణంలో ఉన్న కాయిన్ బాక్సు ఫోను వైపు నడిచింది. వెనక నుంచి వదినె గొంతు వినిపించింది, ఎవరితోనూ కాకుండా, చాటలోని ఆకుతో అంటున్నట్టు. "ఇంటి ఆడిబిడ్డె గద. ఇంటికి మంచే చేస్తది."

పది దాటాక జీపు వచ్చింది.

డాక్టర్ ముక్తార్ దిగుతూనే మూతికి గుడ్డ కట్టుకున్నాడు, రబ్బరు తొడుగులు వేసుకున్నాడు. మనిషి సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. వారం రోజులుగా జీపులోనే అన్నం, జీపులోనే నిద్ర అని మొహం చెబుతోంది. దూది పుల్లలతో కోళ్ల గొంతుల్లో తుడిచి, ఆ పుల్లలు సన్నని సీసాల్లో వేసి, సీసాలు ఐసు డబ్బాలో పెట్టాడు. రెండు కోళ్లను ఒకదాని మీద ఒకటి మూడు సంచుల్లో చుట్టాడు. 

తరువాత కాగితం తీసి జీపు బానెట్ మీద పెట్టుకున్నాడు.

"అన్ని ఎర్ర దారాలేనా బేటా?"

"అవును సార్."

"ఐదుకు ఐదు?"

"ఐదుకు ఐదు."

"తెల్లయి?"

"అవి మంచిగనే తిరుగుతున్నయి సార్, పెరట్ల."

ముక్తార్ కలం మూత తీశాడు. "టీకా వేసినవా" అన్న గడిలో "అవును" అని రాసి, కింద గంగమణి చేత సంతకం పెట్టించుకున్నాడు.

"యా అల్లా," అన్నాడు మెల్లగా. "పదిహేను దినాల నుంచి తిరుగుతున్న. అంతట తెల్ల దారాలే పోయినయి, అంతట కొక్కెరనే. ఇదొక్కటే ఇట్లున్నది."

ఆత్మారాం ముందుకొచ్చాడు. "సార్, నా లారీ..."

"లారీ ఆపాలె తమ్మీ. తేలేదాక ఒక్క ఈక గూడ ఊరు దాటద్దు."

"సార్, నా షెడ్డుల ఒక్కటి గూడ సావలే! అవి అవ్వ కోళ్లు, పెరటి కోళ్లు. నా వాటికేం సంబంధం?"

"నువ్వే గద పొద్దుగాల ఈటిని పూడ్వబోయింది?"

 ముక్తార్ చూపు గుంత మీద ఉంది. ఎవరూ చెప్పకపోయినా గుంత చెప్పింది.

మిగిలిన మూడు కోళ్లనూ అదే గుంతలో వేసి సున్నం చల్లుతుంటే, లింగవ్వ గడప దగ్గర నుంచి నాలుగడుగులు ముందుకు వేసింది.

"సారూ... ఆ దారాలు జర..."

"నువ్వు నడువవ్వా లోపటికి!" ఆత్మారాం కసిరాడు. "ఉన్న లొల్లి సాలదా?"

లింగవ్వ లోపలికి పోయింది. జీపు పోయింది. పెరట్లో సున్నం వాసన మిగిలింది.

మధ్యాహ్నం ఇంట్లో అన్నం వండారు కానీ ఎవరూ వడ్డించుకోలేదు.

సుమిత్ర బీడీలు చుడుతూనే ఉంది. కత్తెర ఆకు కోసే చప్పుడు, వేలి గోరు మూతి మూసే చప్పుడు. మామూలుగా అయితే ఆ చప్పుళ్ల మధ్య ఆమె నోరు కూడా ఆడుతుంది. ఇవాళ లేదు. తిట్టినా బాగుండేది అనుకుంది గంగమణి. వదినె ఊరుకుంటే ఇల్లు ఎవరిదో అనిపిస్తుంది.

ఆత్మారాం మంచం మీద పడుకుని దూలం చూస్తున్నాడు. వ్యాపారికి రెండుసార్లు ఫోను చేసి వచ్చాడు. లారీ అప్పటికే బయలుదేరిందట.

లింగవ్వ వచ్చి గంగమణి పక్కన గోడకు చేరగిలబడింది. చాలాసేపు చీర కొంగు అంచు వేళ్ల మధ్య నలిపింది.

"గా దారాలన్న ఇప్పియ్యకపోతివి బిడ్డా."

"ఏ దారాలవ్వా?"

"కోళ్లకున్నయి. మొక్కు దారం మట్టిల పూడ్వద్దు. పోశమ్మ కాడ ఇడిసి రావాలె. మూడింటియి పూడ్సిరి, రెండింటియి సారు కొంటవోయె."

"అవి మొక్కు దారాలు కాదు. సార్ వాళ్లవి. మందేసిన గుర్తు."

"దారం సారుదే," అంది లింగవ్వ. "మొక్కు నాది."

గంగమణి తల్లి మొహంలోకి చూసింది. ఆ మొహంలో దాపరికం ఏమీ లేదు. కందిపప్పు డబ్బా ఏ మూలన పెట్టానో చెబుతున్నట్టు ఉంది.

"ఏమంటున్నవవ్వా? నిమ్మలంగ చెప్పు."

"ఏమున్నది చెప్పనీకె? ఐదు కోళ్లు మొక్కిన. మొక్కిన కోడికి మందు ముట్టియ్యద్దు గద. మీరు సుక్కలేసిన నాడు పట్టిచ్చింది నేనేనాయె. మొక్కుకున్నయి ఇడిసి, వేరేటియి అందిచ్చిన. మందువడ్డయాటికి మీరు ఎర్రయి గడ్తిరి, నా మొక్కు కోళ్లకు తెల్లయి గడ్తిరి."

"ఆఁ. అయితే?"

"అయితే ఏంది? మొక్కు కోడికి ఎర్ర దారముండాలె. ఈ ఇంట్ల పుట్టినకాంచి సూస్తలేవా? ఎర్ర దారముంటే ఎంత సుట్టమొచ్చినా దాన్ని కొయ్యరు. తెల్ల దారముంటే మీ అన్న ఆగుతడా? దసర ఎన్క మీ వదినె తమ్ముడొచ్చిండు. మీ అన్న కత్తి వట్టుకోని పెరట్లకు వోతుంటె నా పానం ఆగలే. గా పొద్దే మార్చిన. నువ్వు ఊర్లు తిరుగవోయినవు."

సుమిత్ర కత్తెర ఆగింది.

"మార్చిన అంటే?" గంగమణి అడిగింది.

"దీని దారం దానికి, దాని దారం దీనికి. నీ లెక్క చెడగొట్టలే బిడ్డా, ఒట్టు. ఐదు ఎర్రయి, ఐదు తెల్లయి. నీ కాయిదంల ఎన్నుండెనో గన్నే ఉన్నయి."

 షెడ్డులో నుంచి పన్నెండు వందల కోళ్ల గుసగుస ఒకటే వినిపిస్తోంది, దూరాన వాన పడుతున్నట్టు.

ఆత్మారాం మంచం మీద లేచి కూర్చున్నాడు. ఒక్కొక్క మాటే పేర్చుకున్నాడు. "అంటే... సచ్చినయి మందు వడనియి?"

"మొక్కుకున్నయి," అంది లింగవ్వ.

"అంటే కొక్కెర! ఉత్త కొక్కెరనే! ఏడాదికోపారి వచ్చేదే!" అతను నవ్వాడు. నవ్వుతూనే తల్లి భుజాలు పట్టి ఊపాడు. "అవ్వా, గీ మాట పొద్దుగాల చెప్పరాదె?"

"చెప్పవోతే లోపటికి నడువుమంటివి."

ఆ మాటకు సుమిత్ర ఫక్కున నవ్వి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

గంగమణి నవ్వలేదు. "ఏం మొక్కినవవ్వా?" అని అడిగింది.

లింగవ్వ కొంగు సర్దుకుంది. "ఇంకేం మొక్కుత? నీ నౌకరి పర్మినెంటు గావాలని."

"ఇంక సూస్తవేంది? ఫోన్ గొట్టు!" ఆత్మారాం గదిలో నిలబడలేకపోతున్నాడు. "లారీ వచ్చే యాల్లయితున్నది."

"ఏమని కొట్టాలె?"

"నిజం చెప్పు! అబద్ధమాడుమంటున్ననా?"

"పొద్దుగాల లారీ కోసం లొల్లి జేస్తివి. గుంత తవ్వితివి. సార్ కండ్లార సూసిండు. మద్దినానికి నేను పోయి, సార్ దారాలు మారినయి, మా అవ్వ మార్చిందట అంటే, నువ్వయితే నమ్ముతవా అన్నా?"

ఆత్మారాం పెరట్లో గుంత వైపు చూశాడు. "నేను నమ్మ," అన్నాడు.

గంగమణి లేచి, ట్రంకు పెట్టె తెరిచి, అట్ట వేసిన పెద్ద నోటుబుక్కు తీసింది. పోయిన వానకాలంలో చుక్కలు వేసిన రోజు రాసిన పేజీ వెతికింది. దారాలు తెగితే గుర్తుండాలని ప్రతి ఇంటి కోళ్ల ఆనవాళ్లు రాయడం ఆమె సొంత అలవాటు. ఎవరూ అడగలేదు. తనతో చుక్కలు వేసే మిగతా పిల్లలు నవ్వేవాళ్లు, కోళ్లకు జాతకాలు రాస్తున్నవా అని.

మందు పడినవి: బోడమెడది, జుట్టుకోడి, బూడిదది, ఎర్రది, పసుపు కాళ్లది. మందు పడనివి: నల్లది, పొట్టికాళ్లది, మచ్చలది, తెల్లది, కుంటిది.

పొద్దున గోనెసంచి మీద ఉన్నవి కళ్ల ముందు మెదిలాయి. నల్లది. మచ్చలది. కుంటి కాలు చాపుకుని పడి ఉన్నది. తను దారాలు చూసిందే గానీ కోళ్లను చూడలేదు. పొద్దున ఆ ఐదింటినీ పేరుపేరునా గుర్తుపట్టగలిగిన మనిషి తల్లి కాక ఇంకొకరుంటే అది తనే.

రుజువు దొరికింది. కానీ పేజీ అక్కడితో అయిపోలేదు. కింద నెలనెలా తనిఖీ గడులున్నాయి. దసరా తరువాత నాలుగు నెలలు, నాలుగు వరసలు. "ప్రతి కోడినీ పట్టి చూసితిని. సరిగా ఉన్నవి." నాలుగింటి పక్కనా గంగమణి సంతకం.

వేరే ఇళ్లల్లో అయితే గంపలు ఎత్తించి, రెక్కలు పట్టి, ఒక్కొక్కదాన్నీ చూసేది. ఆడవాళ్లు విసుక్కునేవాళ్లు కూడా. ఈ ఇంటి వరస మాత్రం ఈ గోడకే ఆనుకుని, చాయ తాగుతూ నింపేసింది. సొంత ఇంటి కోళ్లలో చూడటానికి ఏముంటుంది?

ఆత్మారాం భుజం మీదుగా పేజీ చూశాడు. అతను చదివింది పైన ఉన్న పేర్లు. "ఇగో! ఇంతకన్న ఏం గావాలె?" అన్నాడు ఆశగా.

సుమిత్ర చదివింది కింద ఉన్న సంతకాలు.  లేచి గ్లాసుడు నీళ్లు తెచ్చి ఆడబిడ్డ చేతికిచ్చింది.

హుసేన్ బీ దుకాణం ముందు ముగ్గురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. గంగమణి రాగానే మాట ఆపేశారు.

"మా కోళ్లను గూడ సంపుతరా బిడ్డా?" హుసేన్ బీ ఫోను ముందుకు జరుపుతూ అడిగింది.

"ఇంక తెల్వదు ఖాలా."

రూపాయి బిళ్ల వేసి డాక్టరు సెల్‌ఫోను నంబరు తిప్పింది. ముక్తార్ నిజామాబాద్ స్టేషనులో ఉన్నాడు. సాయంత్రం బండికి మనిషిచేత ఐసు డబ్బా భోపాల్ ల్యాబుకు పంపాలి. వెనక రైలు అరుపులు, చాయ వాళ్ల కేకలు. గంగమణి మొత్తం చెప్పింది, తల్లి మొక్కు దగ్గర నుంచి నోటుబుక్కు దాకా. నాలుగు సంతకాల సంగతి కూడా చెప్పింది. చెప్పేలోపు మూడు బిళ్లలు అయిపోయాయి.

గంగమణి ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది.

"సార్?"

"ఉన్న." ముక్తార్ గొంతులో కోపం లేదు. ఉంటే కొంచెం తేలికయ్యేది. "మీ అన్న షెడ్డు ఉన్నది గద బేటా, ఆడ."

"ఉన్నది సార్."

"నువ్వు చెప్పింది నేను నమ్ముత. రెండేండ్లాయె నిన్ను చూస్తున్న. నేను నమ్ముడు వేరే, కాయిదం నమ్ముడు వేరే." ఆయన దగ్గాడు. "మీ అవ్వ ఒక్కతేనా మొక్కేది? ఎనిమిది ఊర్లున్నయి గంగమణీ."

గంగమణికి ఆ సంగతి అప్పటిదాకా తట్టలేదు. పక్కనే నిలబడి అంతా వింటున్న హుసేన్ బీ చెంగు నోటి దగ్గర పెట్టుకుని గొణిగింది. "మేము మొక్కులు మొక్కం గని... మొన్న నా కోళ్ల దారాలు రెండు మూడు తెగిపోతే నేనే మల్ల గట్టిన బిడ్డా. నువ్వు తిడ్తవని చెప్పలే."

"ఏ రంగుది కట్టినవ్ ఖాలా?"

"దొరికింది గట్టిన."

గంగమణి కళ్లు మూసుకుంది. ఫోనులో ముక్తార్ అంటున్నాడు. "వింటున్న. అంత వింటున్న. అది రేపటి ఏడ్పు. ఈ పొద్దుది చూద్దాం. అసలు మందు వడ్డ ఐదు, ఇప్పుడు తెల్ల దారాలున్నయి, అవి ఎట్లున్నయి?"

"మంచిగనే తిరుగుతున్నయి సార్. పొద్దుగాల చెప్పిన గద."

"చూసి చెప్పినవా?"

గంగమణి ఇంటి వైపు చూసింది.

"పో. పోయి ఒక్కొక్కదాన్ని పట్టి చూడు. ఐదుకు ఐదు మంచిగుంటే ఇది కొక్కెర. నమూనా అయితే పోతది గని, ఊరు మూయద్దని నేను రాస్త. లారీని గూడ ఆప. నీ సంతకాలు తప్పని నువ్వు రాసియ్యాలె. రాసిస్తే నౌకరి ఉండదు, ఎర్కనే గద."

"ఎర్క సార్."

"ఒక్కటి మంచిగ లేకున్నా కాయిదం మార్చ. ఈ సాయంత్రమే ఊరు మూస్తరు. నాలుగింటి దాక ఈడనే ఉంట. చూసినంక ఫోన్ చెయ్యి." కొంచెం ఆగి అన్నాడు. "ఉన్నది ఉన్నట్టు చెప్పు బేటా. ఈసారి చూసి చెప్పు."

గంగమణి ఇంటి మలుపు తిరిగేసరికి లారీ వచ్చి ఉంది. ఖాళీ ఇనుప బోనులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. డ్రైవరు దిగి, చెరుకు గడ ఒకటి విరుచుకుని నములుతున్నాడు. ఆత్మారాం షెడ్డు తలుపు దగ్గర తాళంచెవి పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమన్నడు? ఎక్కియ్యాల్నా?"

"ఆగు."

పెరట్లోకి పోయింది. పెంటకుప్ప మీద జుట్టుకోడి గెలుకుతోంది. పట్టుకుంది. కళ్లు చూసింది, ముక్కు చూసింది, రెక్కలెత్తి చూసింది. కోడి గింజుకుని అరిచింది. ఆ అరుపు ఎంత బాగుందో! బూడిదది గోడ మీది నుంచి దూకి పరుగెత్తింది, దాన్ని పట్టడానికి సుమిత్ర కూడా వచ్చింది. ఎర్రది. పసుపు కాళ్లది. నాలుగూ నిక్షేపంగా ఉన్నాయి.

"బోడమెడది ఏది?"

ఆత్మారాం తాళంచెవి వేళ్ల మధ్య తిప్పడం ఆపాడు.

లింగవ్వ కట్టెల మోపు వైపు చెయ్యి చూపింది. "పొద్దటికెళ్లి గా కట్టెల సందుల కూసున్నది. నూకలేసినా లేస్తలేదు."

"పొద్దటికెళ్లా?"

"పొదుగుకొచ్చినట్టున్నదే. గుడ్లు పెట్టవట్టి నెలాయె. పొదుగు కోడి గట్లనే కూసుంటది, తిండి గూడ తినది."

"పొదుగే!" అన్నాడు ఆత్మారాం వెనక నుంచి. "పొదుగు గాకుంటే ఇంకేంది? పొదుగే అని చెప్పు చెల్లె."

గంగమణి కట్టెల ముందు మోకాళ్ల మీద కూర్చుంది. లోపల చీకటిగా ఉంది. బోడమెడది ఈకలన్నీ ఉబ్బించుకుని, మెడ లోపలికి లాక్కుని, సగం కళ్లు మూసుకుని కూర్చుంది. పొదుగు కోడి అలాగే ఉంటుంది. జబ్బు కోడీ అలాగే ఉంటుంది.

చెయ్యి చాచబోయి ఆగింది. భుజానికున్న సంచిలోంచి రబ్బరు తొడుగులు తీసి వేసుకుంది. రెండేళ్లలో సొంత పెరట్లో అవి వేసుకోవడం ఇదే మొదటిసారి.

"మన కోడికి గూడనా బిడ్డా?" అంది లింగవ్వ, చిన్నబుచ్చుకున్న గొంతుతో.

గంగమణి వెనక వైపు నుంచి కోడి కడుపు కిందికి చెయ్యి జరిపింది. గుడ్డు తగల్లేదు. కడుపు తొడుగులోంచి కూడా కాలుతోంది. పొదుగుకొచ్చిన కోడి ఒళ్లు కాలుతుంది. జ్వరం వచ్చిన కోడి ఒళ్లూ కాలుతుంది.

రోడ్డు మీద డ్రైవరు హారను కొట్టాడు. కోడి కదల్లేదు.

పొదుగు మీదున్న కోడి ఎదురుగా ఎవరు చెయ్యి పెట్టినా ఊరుకోదు, పెంచిన చేతినైనా పొడుస్తుంది. చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు పొడిపించుకుందో లెక్క లేదు. గంగమణి చెయ్యి వెనక్కి తీసి, చూపుడువేలు బోడమెడదాని ముక్కుకు ఎదురుగా పెట్టింది.

"పొడువే," అంది లోలోపల. "ఒక్కసారి పొడువు."

వెనక అన్న, వదినె, తల్లి నిలబడ్డారు. కోడి మెల్లగా ఒక కన్ను తెరిచి, ఆ వేలి వంక చూసింది.